ఫ్యాన్ ఆపండి

గువ్వ మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. కిందటి వారం మనం ఆమెను అక్కడే వదిలి వచ్చాం. ఏడో నెల కడుపు, ఒక చెయ్యి రెయిలింగు మీద, ఇంకో చెయ్యి ఛాతీ మీద. పైకి మిగిలినవి కాసిని మెట్లే. అవి ఎక్కలేక, కిందికి దిగలేక, "వదినా, గాలి చాలట్లేదు" అంది.

గువ్వ అసలు పేరు కాదు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని వాళ్లమ్మ అలా పిలిచింది. పెళ్లయినా ఆ పిలుపు పోలేదు. భర్త ఓడలో మెకానిక్కు, ఒడ్డుకు రావడానికి ఇంకా నెలలున్నాయి. అందుకని కాన్పుకు ముందే అన్నయ్య ఇంటికి వచ్చింది. అన్నయ్య ఇంజనీరు, వదిన డాక్టరు. ఆ ఇద్దరూ కలిసి చేసిన మిషను ఒకటుంది. సబ్బుపెట్టె అంత ఉంటుంది. ఛాతీ మీద నొక్కి పెడితే గుండె చప్పుడు కాసేపు వింటుంది. బాగుంటే పచ్చ లైటు, అనుమానముంటే ఎర్ర లైటు. వేల గుండెల చప్పుళ్లు రికార్డు చేశారు. ఒక్కొక్కటీ డాక్టరమ్మ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నది. ఇది మంచిది, ఇది జబ్బుది అని ఆమె చెబితే, ఆమె చెప్పిందాన్ని ఇంజనీరు మిషనుకు నేర్పాడు. ఆస్పత్రి పెద్దాయనకు అది నచ్చి గర్భిణుల విభాగంలో పెట్టించాడు. ఎర్ర వస్తే ఎకో గదికి పంపుతారు. గుండె లోపల కవాటాలు ఎలా తెరుచుకుంటున్నాయో అక్కడ తెర మీద కనిపిస్తుంది. పచ్చ వస్తే ఇంటికి.

గువ్వకు ప్రతిసారీ పచ్చే వచ్చింది. ఆయాసమంటే కడుపుతో ఉన్నవాళ్లకు మామూలే అన్నారు అందరూ. డాక్టరమ్మ కూడా అన్నది. మెట్ల దగ్గర మాత్రం ఆమె అలమరలోంచి తన పాత స్టెతస్కోపు తీసుకొచ్చి గువ్వ ఎడమ రొమ్ము కింద పెట్టింది. లబ్, డబ్. ఆ తర్వాత ఏమీ ఉండకూడని చోట ఏదో ఉన్నట్టు అనిపించింది. ఇంజను ఆపకుండా దూరంగా లారీ నిలబెడితే వినిపించే చప్పుడు అది. చిక్కేమిటంటే, ఆ సమయానికి వీధిలో నిజంగానే ఒక లారీ ఆగి ఉంది.

ఆస్పత్రికి పోయే దారి పొడుగునా కారులో ఇంజనీరు భార్యతో ఒకే మాట అన్నాడు.

"పొద్దున్నే పెట్టి చూశాను. పచ్చ వచ్చింది. నువ్వూ చూశావు."

వెనక సీట్లో గువ్వ, వాళ్లమ్మ భుజం మీద వాలకుండా, ముందుకు వంగి, సీటు అంచు పట్టుకుని కూర్చుంది. వాలితే ఊపిరాడటం లేదని ఆమె ఎవరికీ చెప్పలేదు. డాక్టరమ్మ అద్దంలో ఆ కూర్చున్న తీరే చూస్తూ వచ్చింది.

* * *

గర్భిణుల విభాగం ఒక పొడుగు హాలు. రెండు వైపులా బెంచీలు, మధ్యలో నడవడానికి దారి, పైన వరుసగా ఫ్యాన్లు. హాలు చివర ఒక పక్క బాత్రూము, ఇంకో పక్క పరీక్ష గది. పరీక్ష గదికి తలుపు లేదు. పచ్చ గుడ్డ కర్టెనుంది. బెంచీలు నిండి ఉన్నాయి. ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఒక పెద్దావిడ తన వంతు దాటిపోయిందని హెడ్ నర్సుతో తగువు పెట్టుకుంది.

ఆ పూట డ్యూటీలో ఉన్న డాక్టరు వయసులో చిన్నవాడు, పనిలో చురుకైనవాడు. మిషను వాడటం ఎలాగో డాక్టరమ్మ పెట్టిన శిక్షణ తరగతిలో ముందు వరుసలో కూర్చున్నవాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. గువ్వను బల్ల మీద కూర్చోబెట్టాడు. వేలికి క్లిప్పు పెట్టాడు, బీపీ చూశాడు, మణికట్టు పట్టుకున్నాడు. తర్వాత సొరుగులోంచి మిషను తీసి ఛాతీ మీద పెట్టి గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.

నలుగురూ ఆ పెట్టె వంకే చూశారు. పచ్చ లైటు వెలిగింది.

"అమ్మయ్య" అంది గువ్వ వాళ్లమ్మ, డాక్టరమ్మకు అత్తగారు. ఆమె కర్టెను పక్కన నిలబడి ఉంది. "చెప్పానా, నా కొడుకు చేసింది తప్పు చెప్పదని!"

"నాడి వేగంగా ఉంది మేడమ్. బీపీ తక్కువగా ఉంది. నాలుక ఎండిపోయింది" అన్నాడు డ్యూటీ డాక్టరు. "ఒంట్లో నీళ్లు తగ్గాయి. సెలైన్ ఒక బాటిల్ ఎక్కితే అదే సర్దుకుంటుంది. సాయంత్రానికి ఇంటికి తీసుకెళ్లిపోవచ్చు."

"సెలైన్ వద్దు" అంది డాక్టరమ్మ.

"ఎందుకు మేడమ్?"

"కవాటం సన్నబడిందేమోనని నా అనుమానం. ఎడమ వైపు పైగదికీ కిందిగదికీ మధ్యది. ఎకో తీసి చూద్దాం ముందు."

గుండెలో ఆ కవాటం సన్నబడితే రక్తం ముందుకు పోలేదు. వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి తన్నుతుంది. కడుపుతో ఉన్న మనిషి ఒంట్లో రక్తం ఎలాగూ పెరుగుతుంది. దాని మీద సెలైన్ ఎక్కించడమంటే నిండిన కుండలో ఇంకో బిందె పోయడం. పొంగేది ఊపిరితిత్తుల్లో. మనిషి బల్ల మీద ఉండగానే నీళ్లలో మునిగినట్టు మునిగిపోతుంది. డాక్టరమ్మ చదువుకునే రోజుల్లో అలా ఒకసారి చూసింది.

డ్యూటీ డాక్టరు పచ్చ లైటు వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"ఎకోకి పంపాలంటే ఎర్ర రావాలి కదా మేడమ్. పచ్చ వచ్చినవాళ్లని పంపితే అక్కడ తీయరు, తిప్పి పంపిస్తారు. పెద్దాయన సంతకం ఉంటే తప్ప."

"పెద్దాయనకి ఫోన్ చెయ్యి."

"మీటింగులో ఉన్నారు. ఫోన్ ఆపేశారు. ఇందాక వేరే పని మీద చేశాను."

డాక్టరమ్మ ఆ రోజు తెల్లకోటు వేసుకోలేదు. వేసుకుని ఉన్నా లాభం లేదు. ఆమెది పరిశోధన విభాగం. ఆ గదిలో మందు రాయాలన్నా, రాసింది కొట్టేయాలన్నా డ్యూటీలో ఉన్నవాడిదే అధికారం. వేరే ఆస్పత్రికి తీసుకుపోదామంటే ఊరికి ఆ చివర ఉంది. గువ్వ పెదవుల రంగు చూస్తే అంత దూరం తట్టుకునేలా లేదు.

హెడ్ నర్సు స్టాండు తెచ్చి బాటిల్ తగిలించింది. గువ్వ చేతికి సూది గుచ్చి ట్యూబు కలిపింది. చుక్కలు వదిలే చిన్న చక్రం మీద వేలు పెట్టింది. డాక్టరమ్మ ఆ వేలి మీద తన చెయ్యి వేసింది.

"అమ్మా, చెయ్యి తియ్యండి. డాక్టరుగారు చెప్పారు" అంది హెడ్ నర్సు.

"ఒక్క నిమిషం."

"మీకేం, మీరు బాగానే ఉంటారు. రేపు నన్ను నిలబెట్టి అడుగుతారు."

డ్యూటీ డాక్టరు గొంతు తగ్గించాడు. "మేడమ్, తప్పుగా అనుకోకండి. శిక్షణలో మీరే చెప్పారు. చెవి అలసిపోతుంది, మిషను అలసిపోదు అన్నారు. చెవి ఒకటి చెప్పి, మిషను ఇంకోటి చెబితే మిషను మాటే వినమన్నారు. నేను అప్పట్నుంచీ అలాగే చేస్తున్నాను."

"అన్నాను. ఇప్పుడు కాదంటున్నాను."

"ఎవరి విషయంలో కాదంటున్నారు? మీ ఆడపడుచు విషయంలోనా, అందరి విషయంలోనా?"

అతను వెటకారంగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగాడు. డాక్టరమ్మ కర్టెను వంక చూసింది. ఈ పూట ఆడపడుచు విషయంలో తప్పయితే, నిన్న మొన్న హాల్లో కూర్చుని వెళ్లినవాళ్ల విషయంలో ఒప్పు ఎలా అవుతుంది?

"ఏం తల్లీ, కట్టుకున్నవాడు చేసిన మిషను, నువ్వు చెప్పిన పాఠం" అంది అత్తగారు. "నలుగురిలో నువ్వే కాదంటే వాడి మొహం ఏమవుతుంది?"

డాక్టరమ్మ నర్సు వేలి మీది చెయ్యి తియ్యలేదు. "ఇది తిప్పకండి. నేను ఇప్పుడే వస్తాను" అని, మొగుణ్ని కర్టెను అవతలికి లాక్కెళ్లింది.

* * *

"ఫ్యాన్ చప్పుడు ఎలా తీశావు?" అని అడిగింది.

"ఏంటి?"

"రికార్డింగుల్లోంచి. ఫ్యాన్ చప్పుడు. ఎలా తీశావు?"

"అది ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఇంజనీరు తల పైకెత్తి తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు. "మొదట్లో అన్నీ ఈ హాల్లోనే రికార్డు చేశాం కదా. అన్నింట్లోనూ ఫ్యాన్ హోరే. నువ్వే గోల పెట్టావు, తల పగిలిపోతోంది, దాన్ని తీసెయ్యి అని. తీసేశాను. ఒక గీత గీసి, దాని కిందుండే లోగొంతు చప్పుళ్లన్నీ, బొంగురుగా హోరుమనేవన్నీ కోసేశాను. ఫ్యానూ, రోడ్డూ, జనరేటరూ, అన్నీ అక్కడే ఉంటాయి. అప్పట్నుంచీ నీకు హాయిగా వినబడింది."

"అక్కడ ఇంకేముంటాయి?"

"అంటే?"

"ఆ గీత కింద. ఫ్యాన్ కాకుండా ఇంకేముంటాయి?"

అతను డాక్టరు కాదు, ఇంజనీరు. గుండె గురించి అతనికి తెలిసిందంతా ఆమె చెప్పిందే.

"సన్నబడ్డ కవాటం చప్పుడు కూడా అంత లోగొంతే" అంది డాక్టరమ్మ. "ఫ్యానుకి పక్కిల్లే దానిది. నువ్వు ఫ్యాన్ని ఊడబెరికినప్పుడు దాన్నీ ఊడబెరికేశావు."

"ఆగాగు. అలా అయితే నీకు తెలిసిపోవాలి కదా. ప్రతి చప్పుడూ నువ్వు విన్నావు. ఒక్కటి కూడా వదలకుండా విన్నావు."

"విన్నాను. నువ్వు కోసింతర్వాతది విన్నాను."

హాల్లో తగువు పడుతున్న పెద్దావిడకు ఎవరో చోటిచ్చి కూర్చోబెట్టారు. ఇంజనీరు గోడకు ఆనుకున్నాడు. ఏం జరిగిందో అతనికి వరసగా అర్థమవుతున్నట్టు మొహంలో కనిపించింది. జబ్బు చప్పుడు లేని రికార్డింగు ఆమె చెవిలో పడింది. ఆమె మంచిదని చెప్పింది. ఆ మంచినే అతను మిషనుకు నేర్పాడు. తర్వాత మిషను సరిగా చెబుతోందా లేదా అని ఆమె మాటతోనే పోల్చి చూశారు. రెండూ కలిశాయి. కలవకేం చేస్తాయి? పెద్దాయన స్వీట్లు పంచాడు.

"కోత తీసేస్తాను" అన్నాడు ఉన్నట్టుండి. "ఫోన్లోంచే తీసెయ్యొచ్చు. ముడి చప్పుడు విననిద్దాం దాన్ని."

కర్టెను తోసుకుని లోపలికి వెళ్లాడు. ఫోన్లో ఏదో నొక్కాడు. మిషను తనే తీసుకుని చెల్లెలి ఛాతీ మీద పెట్టాడు. గువ్వ అన్నయ్య మొహంలోకి చూసింది. డాక్టరమ్మ గుడ్లప్పగించి లైటు వంక చూసింది. ఎర్ర రావాలని ఒక మనిషి కోరుకోవడం ఆ గదిలో అదే మొదటిసారి.

పచ్చ.

మళ్లీ పెట్టాడు. పచ్చ.

"దానికి ఆ చప్పుడేంటో తెలీదు" అన్నాడు ఇంజనీరు మిషను వంక చూస్తూ. "నువ్వు దానికి చెప్పలేదు. నేను నీకు వినిపించలేదు."

అత్తగారికి సగమే అర్థమైంది. ఆ సగం చాలింది.

"ఒరేయ్, ఊరందరికీ చేసిపెట్టావు. చెల్లెలి దగ్గరికొచ్చేసరికి చెవుడొచ్చిందా దానికి?"

"అందరి దగ్గరా చెవుడేనమ్మా" అన్నాడు.

* * *

ఇక డాక్టరమ్మకు మిగిలింది ఒక్కటే దారి. మెడలోంచి పాత స్టెతస్కోపు తీసి డ్యూటీ డాక్టరు చేతిలో పెట్టింది.

"నువ్వు విను. నేను చెబితే ఆడపడుచని చెబుతున్నానంటావు. నువ్వే విని, ఏమీ లేదంటే ఇంక నోరెత్తను. సెలైన్ నా చేత్తోనే తిప్పుతాను."

"మేడమ్, అంత మాట ఎందుకు?"

"విను."

తాడో పేడో అన్నట్టు అనేసింది గాని, తను మెట్ల మీద విన్నది గువ్వ గుండెనో, వీధిలో లారీనో ఇప్పటికీ తేలలేదు.

డ్యూటీ డాక్టరు స్టెతస్కోపు పెట్టుకున్నాడు. వంగాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ మనిషి మొక్కుబడిగా వినలేదు. చాలాసేపు విన్నాడు. చోటు మార్చి విన్నాడు. గువ్వ దగ్గితే ఆగి, దగ్గు తగ్గాక మళ్లీ విన్నాడు.

"లేదు మేడమ్" అన్నాడు చివరికి. "లబ్, డబ్. అంతే. నేను నిజమే చెబుతున్నాను."

హెడ్ నర్సు డాక్టరమ్మ వంక చూసింది. డాక్టరమ్మ చక్రం తిప్పలేదు, నర్సును ఆపనూ లేదు. నర్సే తిప్పింది. బాటిల్ కింద గొట్టంలో మొదటి చుక్క పడింది. తర్వాత రెండోది.

డాక్టరమ్మ ఆ చుక్కలు చూడలేక కళ్లు తిప్పుకుంది. తిప్పుకున్న కళ్లకు గువ్వ ఛాతీ కనిపించింది. స్టెతస్కోపు పెట్టిన చోట చర్మం మీద గుండ్రటి ముద్ర. ఉంగరం ఒత్తినట్టు, ఎర్రగా, లోతుగా.

"నొక్కావు" అంది.

"ఏంటి మేడమ్?"

"నొక్కి పెట్టి విన్నావు. గట్టిగా నొక్కావు. ముద్ర పడింది చూడు."

"నొక్కమన్నారు కదా" అన్నాడు అతను. "ఏ మాత్రం కదిలినా రాపిడి చప్పుడొస్తుంది, గట్టిగా నొక్కి పట్టుకోమన్నారు."

ఆమే అన్నది. మిషను కోసం అన్నది. అదే చెయ్యి ఇప్పుడు స్టెతస్కోపుకూ అలవాటైపోయింది. స్టెతస్కోపుకు ఒకవైపు చదునైన బిళ్ల, ఇంకోవైపు చిన్న గిన్నె ఉంటాయి. లోగొంతు చప్పుళ్లు వినడానికి గిన్నె వైపు పెట్టాలి, తాకీ తాకనట్టు పెట్టాలి. నొక్కితే కింద చర్మం బిగుసుకుపోతుంది. బిగిసిన చర్మం ఆ చప్పుళ్లను రానివ్వదు. ఇంజనీరు రికార్డింగుల్లో కోసినదాన్నే అతను బొటనవేలితో కోశాడు.

"ఇంకొక్కసారి విను. నొక్కకుండా విను."

"మేడమ్, మాటిచ్చారు మీరు." అతని గొంతులో మొదటిసారి విసుగు వినిపించింది. "బయట అంతమంది ఉన్నారు. మీ ఇంటి మనిషి ఒక్కరి కోసం నేను..."

"బాబూ."

గువ్వ మాట్లాడింది. ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ మాట్లాడింది.

"పడుకుంటే... ఊపిరాడట్లేదు. చాలా రోజులైంది. గోడకి ఆనుకుని... కూర్చునే నిద్రపోతున్నా."

"నాకెందుకు చెప్పలేదే?" అంది డాక్టరమ్మ.

"పచ్చ వస్తోంది కదా వదినా. లేని జబ్బు చెప్పుకుంటే... అన్నయ్య చిన్నబుచ్చుకుంటాడని."

ఇంజనీరు ఆ మాట విని చెల్లెలి పాదాల దగ్గర బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయాడు.

గువ్వ డ్యూటీ డాక్టరు చెయ్యి పట్టుకుంది. "ఇంకొక్కసారి విను నాయనా. ఈసారీ లేదంటే... నేనే ఇంటికి పోతా."

అతను బాటిల్ వంక చూశాడు. స్టెతస్కోపు మళ్లీ చెవులకు పెట్టుకున్నాడు.

"ఎడమ పక్కకి తిరగాలి నువ్వు" అంది డాక్టరమ్మ గువ్వతో. "పడుకుంటే కష్టమని తెలుసు. కాసేపే. ఓర్చుకోవాలి." అత్తగారు వెనక నుంచి వీపు పట్టుకుంది. గువ్వ తిరిగింది. తిరగ్గానే దగ్గు అందుకుంది. దగ్గు ఆగేదాకా ఎవరూ కదల్లేదు.

"గిన్నె వైపు తిప్పు. ఇక్కడ పెట్టు, గుండె చేతికి తగిలే చోట. నొక్కకు. తాకీ తాకనట్టు. ఇప్పుడు?"

"ఫ్యాన్ వినపడుతోంది."

"ఫ్యాన్ ఆపండి" అంది డాక్టరమ్మ.

హెడ్ నర్సు గదిలో ఫ్యాను ఆపింది. హాల్లో ఫ్యాన్ల హోరు కర్టెను దాటి వస్తూనే ఉంది. ఇంజనీరు బయటికి పరుగెత్తాడు. గోడ మీద స్విచ్చులు వరసగా కిందికి దించాడు.

"ఏయ్, ఏంటి బాబూ, ఉక్కపోతతో చంపుతావా?" అంది ఇందాకటి పెద్దావిడ.

"కాసేపు మాట్లాడకండమ్మా. దణ్ణం పెడతాను. లోపల గుండె చూస్తున్నారు."

"ఎవరు, ఎవరైనా గొప్పవాళ్లా?"

"మా చెల్లెలండి."

పెద్దావిడ పక్కనున్నవాళ్లకు నోటి మీద వేలు చూపించింది. బెంచీల వెంట మాటలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఫ్యాన్ రెక్కలు నెమ్మదించి నిలబడ్డాయి. ఆ హాలు కట్టినప్పటి నుంచి పగటిపూట అంత నిశ్శబ్దం అక్కడ ఎవరూ ఎరగరు.

"లబ్ వదిలెయ్యి. డబ్ వదిలెయ్యి" అంది డాక్టరమ్మ. "డబ్ అయ్యాక ఆగు. మళ్లీ లబ్ వచ్చేలోపు కాస్త ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో విను. అక్కడ ఏమీ ఉండకూడదు."

అతను విన్నాడు. గువ్వ పళ్లు బిగబట్టి, దగ్గు ఆపుకుని, వదిన కొంగు గుప్పిట్లో పట్టుకుంది. బాటిల్లోంచి చుక్క పడింది. ఇంకో చుక్క పడింది.

డ్యూటీ డాక్టరు తల ఎత్తలేదు. వింటున్నవాడు వింటూనే, ఎడమ చెయ్యి చాచి, తడుముకుని, ట్యూబు మీది చక్రం దొరకబుచ్చుకున్నాడు. పూర్తిగా బిగించేశాడు. చుక్క ఆగింది.

డాక్టరమ్మ స్టూలు మీద కూర్చుంది.

తర్వాత పనులు చకచకా జరిగాయి. గువ్వను లేపి కూర్చోబెట్టారు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. ఊపిరితిత్తుల్లో నీళ్లు లాగేసే ఇంజక్షను డ్యూటీ డాక్టరే స్వయంగా ఇచ్చాడు. ఎకో గదికి ఫోన్ చేశాడు. అవతలివాళ్లు ఏదో అడిగారు.

"పచ్చే" అన్నాడు. "పచ్చే వచ్చింది. అయినా తీయాలి. నా చెవులతో విన్నాను. సంతకం నాది. పెద్దాయన అడిగితే నా పేరే చెప్పండి."

చక్రాల కుర్చీ వచ్చింది. గువ్వ కూర్చుని అన్నయ్య వంక చూసింది. "చిన్నబుచ్చుకోకు" అంది. ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు. అత్తగారు కుర్చీ వెనక నడిచింది. ఇంజనీరు బల్ల మీది మిషను తీసుకుని, వెనక మూత ఊడదీసి, బ్యాటరీ బయటికి లాగాడు. మిషను ఒక జేబులో, బ్యాటరీ ఇంకో జేబులో వేసుకుని వాళ్ల వెంట వెళ్లాడు. పెద్దాయన ఫోన్ తెరిచాక ఏం చెప్పాలో దారిలో కూడబలుక్కోవాలి.

డాక్టరమ్మ కూడా లేచింది. కర్టెను దాకా వెళ్లింది.

"మేడమ్."

డ్యూటీ డాక్టరు అక్కడే ఉన్నాడు. స్టెతస్కోపు ఇంకా చెవుల్లోనే ఉంది. దాని కొస చేతిలో వేలాడుతోంది.

"ఈ చప్పుడు నేను ఇంతకుముందు విన్నాను" అన్నాడు.

"ఎప్పుడు?"

"ఈ పూటే. మీరు రావడానికి గంట ముందు. నా స్టెతస్కోపు పెట్టీ పెట్టగానే, ఇంకా నొక్కకముందు, ఒక్క క్షణం. ఫ్యాన్ అనుకున్నాను. మిషను పెడితే పచ్చ వచ్చింది."

"ఎవరికి?"

అతను హెడ్ నర్సు వంక చూశాడు.

"ఆ టైలరమ్మ" అంది హెడ్ నర్సు. "నా బట్టలు కుట్టేది ఆవిడే. ఎనిమిదో నెల. నీరసం, ఆయాసం అంది."

"ఏం ఇచ్చారు?"

"సెలైన్" అన్నాడు డ్యూటీ డాక్టరు. "బాటిల్ మొత్తం ఎక్కించి ఇంటికి పొమ్మన్నాను."

హెడ్ నర్సు అప్పటికే ఫోన్ తీసింది. నంబరు ఆమె దగ్గరుంది. నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని హాల్లోకి వచ్చింది. వెనకే మిగతా ఇద్దరూ వచ్చారు. ఫ్యాన్లు ఇంకా వెయ్యలేదు. మాట్లాడొచ్చని ఎవరూ చెప్పకపోవడంతో బెంచీల మీద ఆడవాళ్లు ఇంకా నోళ్లు మూసుకునే కూర్చున్నారు.

"రింగవుతోంది" అంది హెడ్ నర్సు.

డాక్టరమ్మ చెయ్యెత్తి ఆమెను ఆగమంది. తల పక్కకు వంచింది.

ఫోన్ మోగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నర్సు చెవి దగ్గరి నుంచి కాదు. హాలు చివరి నుంచి.

పెద్దావిడ కూడా విన్నది. మెల్లగా అటు వేలు చూపించింది. బాత్రూము తలుపు మూసి ఉంది. డ్యూటీ డాక్టరు పరుగెత్తి తలుపు తోశాడు. లోపల గడియ వేసి ఉంది. రెండు చేతులతో బాదాడు.

లోపలి నుంచి ఎవరూ పలకలేదు. ఫోన్ మోగుతూనే ఉంది.